ఇంట్లో సామాను తగ్గించి హాయిగా ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (అత్తయ్య సామాను కూడా వస్తోంది)

తెనాలి_అమ్మాయి
వచ్చే నెలలో బాచుపల్లి ఫ్లాట్ తాళాలు చేతికొస్తాయి. బ్రోచర్‌లో 1,280 చదరపు అడుగులు అని వేశారు, రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) లెక్కన కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే చోటు, 860. ఉండబోయేది నలుగురం. మేమిద్దరం, ఏడేళ్ల బాబు, మా అత్తయ్య. మామయ్య పోయాక తెనాలి ఇల్లు అమ్మేశాం. ఆ ఇంటి సామానంతా ఇప్పటికి చుట్టాల ఇంట్లో ఒక గదిలో పెట్టాం, ఆ గదీ ఖాళీ చేయాలి.

మా ఆయనకు ఏడాదిగా మినిమలిస్ట్ ఇళ్ల వీడియోలంటే ప్రాణం. తెల్ల గోడలు, ఒక సోఫా, ఒక మొక్క, అంతే ఉండాలంటారు. ఇంటీరియర్ వాళ్లను పిలిస్తే "మినిమలిస్ట్ ప్యాకేజీ" అని 9 లక్షల 40 వేలకు కొటేషన్ ఇచ్చారు. అందులో అన్ని గదులకూ ఫాల్స్ సీలింగ్, టీవీ గోడకు ప్యానెల్, క్రాకరీ యూనిట్, మూడు లాఫ్టులు. తక్కువ సామానుతో బతకడానికి ఇంత చెక్క ఎందుకో నాకు అర్థం కాలేదు.

అత్తయ్య ఏమీ అనరు. కానీ మొన్న తెనాలి వెళ్లినప్పుడు ఆవిడ చింతపండు పెట్టి గంగాళం తోముతూ కనిపించారు. ఇప్పుడెందుకత్తయ్యా అంటే "ఎవరికిచ్చినా మెరుస్తూ ఇవ్వాలి కదమ్మా" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇల్లు ఊపిరాడేలా ఉండాలని నాకూ ఉంది. ఇప్పుడుంటున్న అద్దె ఇంట్లో రెండు ఇళ్లు మారినా విప్పని అట్టపెట్టెలు ఆరున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆవిడను నొప్పించకుండా ఎలా?

శ్రీను_సైట్
ముందు ఆ కొటేషన్ పక్కన పెట్టండి. సామాను లెక్క తేలకుండా అల్మారాలు చేయించడం అంటే కాలు కొలవకుండా చెప్పులు కొనడమే. నేను పదిహేనేళ్లుగా సైట్ల మీద ఉన్నాను. లాఫ్టు కట్టిన ప్రతి ఇంట్లోనూ రెండేళ్లలో అది నిండింది. ఖాళీ లాఫ్టు నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో లెక్క చెప్తాను. ఉదాహరణకు అడుగు 6,500కు కొన్నారనుకుందాం. 1,280 అడుగులకు 83 లక్షల 20 వేలు. మీరు నిజంగా కాలు పెట్టే చోటు 860 అడుగులే కాబట్టి అడుగు 9,670 దాకా పడుతుంది. విప్పని పెట్టెలు, విరిగిన కుర్చీ, పాత సూట్‌కేసులు కలిసి ఆరడుగులకు నాలుగడుగుల చోటు తింటే 2 లక్షల 30 వేలు దాటిన నేల వాటి కింద ఉన్నట్టే. ఆ పెట్టెల్లో అంత విలువైనది ఉందా అని మీ ఆయన్ను అడగండి.

ఫాల్స్ సీలింగ్ మొత్తానికి వద్దు. మామూలుగా ఫ్లాట్లలో పదడుగుల ఎత్తే ఉంటుంది, అందులో ఆరంగుళాలు పోగొట్టుకుని పైన బల్లులకు ఇల్లు కట్టడం ఎందుకు? లైట్ల పాయింట్లు గోడలకు ఇప్పించుకోండి.

బూజుకర్ర
బల్లుల మాట నిజం. మా ఇంట్లో సీలింగ్ పైన రాత్రిపూట మారథాన్ జరుగుతుంది.

మియాపూర్_మాధవి
మూడేళ్ల కిందట అచ్చం మీ ఆయన కోరుకున్న ఇల్లే చేయించుకున్నాం. ఏది పనికొచ్చిందో ఏది రాలేదో చెప్తాను, మీకు డబ్బు మిగులుతుంది.

తెల్ల మ్యాట్ లామినేట్ వంటింట్లో వద్దు. పసుపు మరక పడితే రోజుల తరబడి పోదు. పోపు పెట్టే వంటింటికి కాస్త ముదురు రంగు, మెరుపున్న లామినేట్ నయం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పిడులు లేని అల్మారాలు ఫొటోలో బాగుంటాయి. పిండి చేతుల్తో, నూనె చేతుల్తో తలుపు అంచు పట్టుకుని లాగుతాం కదా, ఆ అంచంతా జిడ్డు. ఆరు నెలలకు నేనే పిడులు పెట్టించాను.

తెరిచి ఉన్న షెల్ఫులు అసలే వద్దు. మాది మెయిన్ రోడ్డుకు రెండు వీధుల అవతల. పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ వీడియోల్లోని ఊళ్లలో దుమ్ము లేదేమో, ఇక్కడుంది. సామాను తక్కువగా ఉండాలి, ఉన్నది తలుపు వెనక ఉండాలి. నాకు తేలింది ఇదే.

ఒకటి మాత్రం చాలా సుఖం. హాల్లో నేల మీద ఏమీ లేదు. టీపాయ్ కూడా తీసేశాం. ఊడ్చి తుడవడం పది నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు ఆడుకుంటారు, చుట్టాలొస్తే వరంగల్ జంపఖానా పరిచి పదిమందిమి కూర్చుంటాం.

గోదారి_గట్టు
నేను వేరే మాట అంటాను, ఎవరూ తప్పుగా తీసుకోవద్దు. ఈ పారేయడం అనేది మళ్లీ కొనుక్కోగలిగిన వాళ్ల మాట. మా నాన్న వంకర పోయిన మేకును కూడా రాయి మీద పెట్టి తిన్నగా కొట్టి డబ్బాలో వేసేవాడు. పాత ధోవతి పిండి జల్లించే గుడ్డ అయ్యేది, అది చిరిగితే లాంతరు గ్లాసు తుడిచే గుడ్డ, ఆఖరికి వత్తి. మా ఇంట్లో సామాను తక్కువే, కానీ ఏదీ పారేసింది లేదు. "రేపు పనికొస్తుంది" అని దాచుకోవడాన్ని జబ్బులా చూడకండి. ఒకప్పుడు ఆ రేపు నిజంగా వచ్చేది.

తెనాలి అత్తయ్య గారి తరం అలా బతికింది. ఆవిడ దగ్గర సామాను ఎక్కువుందంటే ఎన్నో ఏళ్లు ఏదీ పాడుచేయకుండా చూసుకున్నారని అర్థం.

తెనాలి_అమ్మాయి
గోదారి గట్టు గారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. మేకు దగ్గర ఆగమన్నారు. వాళ్ల నాన్న దగ్గరా అలాంటి డబ్బా ఒకటుండేదట.

ఒసాకా_రవి
ఎనిమిదేళ్లుగా జపాన్‌లో ఉంటున్నాను, మాది 28 చదరపు మీటర్ల ఇల్లు, అంటే 300 అడుగులు. అందరూ జపాన్ పేరు చెప్తారు కాబట్టి ఇక్కడ చూసింది రాస్తాను.

ఇక్కడ పారేయడం సులువు కాదు. కుర్చీయో మంచమో వదిలించుకోవాలంటే మునిసిపాలిటీకి ఫోన్ చేసి తేదీ తీసుకోవాలి, దుకాణంలో డబ్బు కట్టి స్టిక్కర్ కొని దానికి అంటించాలి. టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్లకు 2001 నుంచి వేరే చట్టం, వాటి రీసైక్లింగ్ ఖర్చు వాడినవాళ్లదే. అందుకే కొనేటప్పుడే "దీన్ని వదిలించుకోవడం ఎలా" అని ఆలోచించడం నాకు అలవాటైపోయింది.

రెండో కారణం భూకంపాలు. 1995 జనవరిలో కోబేలో భూకంపం వచ్చింది, మాకు పక్క ఊరే. మా పక్కింటి పెద్దావిడ ఆ రోజు నుంచి పడకగదిలో ఎత్తు బీరువా పెట్టుకోలేదు. ఉన్న చిన్న బీరువానూ గోడకు బిగించారు. ఆవిడ గది ఖాళీగా ఉండటానికి అందం కారణం కాదు, భయం.

మూడోది ఎవరూ చెప్పరు. చాపల గది పగలంతా ఖాళీగా కనబడుతుందంటే రోజూ పొద్దున ఎవరో ఒకరు పరుపులు మడిచి గోడ అరలో పెడుతున్నారన్నమాట. ఆ అరను ఒషీరె అంటారు, మన గోడ బీరువాలాంటిదే కానీ లోతెక్కువ. ఖాళీగా కనిపించే ఇంటికి రోజూ పని ఉంటుంది. తెనాలి అమ్మాయి గారూ, మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి.

కరీంనగర్_లత
రవి అన్న చెప్పిన పరుపుల ముచ్చట మా అమ్మమ్మ ఇంట్ల కూడా అంతే. పొద్దుగాల లేవంగనే బొంతలు మడిచి దండెం మీద ఏసేది. గోడకు గూళ్లు, ఒక గూట్ల దీపం, ఒక గూట్ల దువ్వెన, తాత కళ్లద్దాలు. బట్టలకు ఒక సందుగ. కూసునేందుకు చాప, తినేందుకు పీట. మస్తు పెద్ద ఇల్లేం కాదు, కానీ పది మంది చుట్టాలొచ్చినా ఇరుకన్న మాట రాలేదు. ఇప్పుడు మాకు త్రీ బెడ్‌రూమ్ ఉంది, ఇద్దరొస్తే బెడ్‌షీట్ల కోసం బీరువా మీద బీరువా తెరవాల్సి వస్తుంది.

శ్రీను_సైట్
లత గారూ, మీ అమ్మమ్మ గారి ఇంటికి వెనక కొట్టం, అటక, గాదె కూడా ఉండి ఉంటాయి. మండువా ఇళ్లు చాలా కొలిచాను. ముందు సావడి ఖాళీగా, వెనక సామాన్ల కొట్టు కిక్కిరిసి ఉంటుంది. అప్పట్లో చోటు ఉండేది కాబట్టి దాచేవాళ్లు. ఫ్లాట్‌లో ఆ వెనక భాగం లేదు. మనం పాత ఇంటి సామాను అలవాట్లను, ముందు గది ఫొటోను కలిపి ఒకే చోట పెట్టాలని చూస్తున్నాం. అక్కడే ఇబ్బందంతా.

కరీంనగర్_లత
గాదె ఉండె, అది నిజమే అన్నా. కాని దాన్నిండ వడ్లే. ఇప్పటి మా అటక మీద ఏమున్నయో నాకే తెల్వది.

విజయవాడ_నిర్మల
ఒక్క మాట చెప్పి వెళ్తాను. నేను కాశీ వెళ్లిన పది రోజుల్లో మా వాళ్లు నాకు సర్‌ప్రైజ్ అని అటక మొత్తం ఖాళీ చేశారు. అందులో ఒక రేకు పెట్టె ఉంది. పైన పాత దుప్పట్లు, అడుగున మా నాన్న నాకు పెళ్లయిన కొత్తలో రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు. దుప్పట్లు అనుకుని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. రెండు రోజులు మా పేటలో ఉన్న స్క్రాప్ కొట్లన్నీ తిరిగాం, దొరకలేదు.

ఇల్లు చాలా బాగా కనిపించింది. నాకు మాత్రం నెలన్నర దాకా ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

ఎవరి వస్తువు వాళ్లే తీయాలి. ఇంకెవరూ చేయి వేయకూడదు. భార్య అయినా, కొడుకైనా.

మియాపూర్_మాధవి
నిర్మల గారూ, చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెనాలి_అమ్మాయి
నిర్మల గారి పోస్టు నేను దాచుకున్నాను. తెనాలి గదిలో అత్తయ్య లేకుండా ఒక్క పెట్టె కూడా ముట్టుకోం. మా ఆయనా ఒప్పుకున్నారు.

గుంటూరు_పాత్రల_కొట్టు
మాది మూడు తరాల పాత్రల వ్యాపారం. ఇత్తడి అమ్మాలనుకుంటే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి.

ముందు ఇంట్లో తూకం వేసుకోండి, తర్వాత రెండు కొట్లలో అడగండి. మాటు వేసిన పాత్రలకు, ఇనుప కడియాలున్న వాటికి తరుగు తీస్తారు, అది న్యాయమే, కానీ ఎంత తీశారో చెప్పించుకోండి. ఇత్తడి ఇచ్చి స్టీలు పట్టుకెళ్లే పని చేయకండి. ఒక సామాను పోయి ఇంకో సామాను వస్తుంది, పైగా రెండు వైపులా నష్టం మీదే. డబ్బు తీసుకోండి.

వాడతామనుకున్నవి ఉంచుకోండి, అటక మీద పెట్టడానికైతే వద్దు. ఇత్తడి గిన్నెలో పులుసులు కాచాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పడితే చిలుము పడుతుంది. కళాయి వేసేవాళ్లు తగ్గిపోయారు కానీ మా ఊళ్లో ఇంకా ఉన్నారు. రెండు గిన్నెలకు కళాయి వేయించి రోజూ వాడుకోండి. ముద్దపప్పు రుచి మీకే తెలుస్తుంది.

పాత్రల మీద పేర్లు కొట్టించినవి ఉంటాయి చూడండి, ఫలానా వారి పెళ్లికి ఫలానా వారి కానుక అని చుక్కలతో. అవి తూకానికి వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. మా కొట్లో ఒకావిడ తూకంలో పడ్డ గ్లాసు మీద వాళ్ల అమ్మ పేరు చూసి వెనక్కి తీసుకెళ్లారు.

బూజుకర్ర
ఇత్తడి సంగతి తేలింది. జాకెట్టు ముక్కల సంగతి ఎవరైనా చెప్పండి. మా ఇంట్లో ఓ సూట్‌కేసు నిండా ఉన్నాయి. అమ్మ ఎవరికో పెడుతుంది, ఇంకెవరో అమ్మకు పెడతారు, సంఖ్య మాత్రం తగ్గదు.

మియాపూర్_మాధవి
నేను పోయిన శ్రావణమాసం నుంచి మానేశాను. తాంబూలంలో ఆకు, వక్క, పండు, ఒక కొబ్బరికాయ, ఇంటి పెరట్లో కోసిన కరివేపాకు కట్ట. కరివేపాకు చూసి అందరూ సంతోషించారు. ఉన్న ముక్కలన్నీ కుట్టుమిషన్ నేర్చుకునే అమ్మాయిల సెంటర్‌కి ఇచ్చాను, వాళ్లకు కుట్టు సాధనకి బట్ట కావాలి.

రాజమండ్రి_సుబ్బలక్ష్మి
కరివేపాకు బాగుంది కానీ వాయనంలో రవికెల గుడ్డ పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అది మానలేను. మాధవి గారి పద్ధతి వాళ్లది. నేను మంచి మంగళగిరి నూలు తీసుకుని, కుట్టించుకుని తొడుక్కునేదే పెడతాను. సంఖ్య తగ్గించాను, గుడ్డ మార్చాను. అదీ ఒక దారే.

మియాపూర్_మాధవి
అదే మంచి దారి సుబ్బలక్ష్మి గారూ.

రిటైర్డ్_బ్యాంకు
ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేశాను. కాగితాల దగ్గర తొందరపడొద్దని చెప్పడానికే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ ఒరిజినళ్లు, లింకు డాక్యుమెంట్లు, పదో తరగతి మెమో, మామయ్య గారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఎప్పటికీ ఉంచాలి. ఒక్క ఫైలులో పడతాయి. డిజిలాకర్ 2015 నుంచి ఉంది, ఆధార్, లైసెన్సులాంటివి అందులో పెట్టుకుంటే జిరాక్సుల కట్టలు తీసేయొచ్చు. అయితే లోనుకు వెళ్తే బ్యాంకు అడిగేది ఆస్తి ఒరిజినలే, ఫోన్‌లో ఫొటో కాదు.

మామయ్య గారి పాత పాస్‌బుక్కులు, పోస్టాఫీసు పుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, షేర్ల కాగితాలు ఒక్కటి కూడా చూడకుండా అమ్మకండి. పదేళ్లు కదలిక లేని బ్యాంకు డిపాజిట్ల డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. వెళ్లినా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ అని పోర్టల్ పెట్టింది, పేరు కొట్టి వెతకొచ్చు. నా సర్వీసులో చెదలు తిన్న పాస్‌బుక్కు పట్టుకొచ్చిన తల్లికి అబ్బాయి చదువు ఫీజుకు సరిపడా డబ్బు చేతికి ఇచ్చిన రోజు ఉంది. ఆ రోజు మర్చిపోలేను.

కరెంటు బిల్లులు, ఏటీఎం చీటీలు, పోయిన మిక్సీ గ్యారంటీ కార్డు, ఇవి నిస్సంకోచంగా తీసేయండి.

పుస్తకాల_పురుగు
పుస్తకాల గురించి ఎవరూ మాట్లాడలేదు. వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి బైండు చేయించినవి మా ఇంట్లో అరవై దాకా ఉన్నాయి. ఇవి తూకానికి వేయొద్దని నా ప్రార్థన. వాటిలో కొన్ని నవలగా రానే లేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం, పాత పత్రికలు ఇలా దాచినవాళ్ల వల్లే మనకు మిగిలాయి. ముందు మీ ఊరి లైబ్రరీకి జాబితా రాసి పంపండి, కావాలంటేనే ఇవ్వండి. ఇంజినీరింగ్ గైడ్లు, ఎంసెట్ మెటీరియల్ అయితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇచ్చేయండి.

గోదారి_గట్టు
ఇది నాకు నచ్చింది. పారేయడం వేరు, కావలసినవాడి చేతిలో పెట్టడం వేరు.

సంక్రాంతి_పిల్ల
మరి భోగి మన పండగే కదా? పాతవన్నీ మంటలో వేసేయమనే కదా ఉద్దేశం. ప్రతి సంక్రాంతికి ముందు ఇల్లు దులిపి సున్నాలు వేసి, విరిగిన చెక్కలు భోగికి పక్కన పెట్టేవాళ్లు. ఏడాదికోసారి తీసేయడం మనకు కొత్తేం కాదు.

శ్రీను_సైట్
విరిగిన పీట, పాత నిచ్చెన అయితే సరే. ఇప్పటి ప్లైవుడ్, లామినేట్, రంగు వేసిన తలుపులు మంటలో వేయకండి, వాటి జిగురు పొగ పిల్లలు పీల్చకూడదు.

ఎడిసన్_ఉష
న్యూజెర్సీ నుంచి. మాకు అటక బదులు బేస్‌మెంట్. పదకొండేళ్లలో ఇండియా నుంచి తెచ్చిన ఇడ్లీ పాత్రలు నాలుగు, ఎందుకంటే వచ్చిన ప్రతివాళ్లూ ఒకటి తెచ్చారు. పోయిన ఏడాది మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే కొత్తగా వచ్చిన విద్యార్థులు సాయంత్రానికి పట్టుకెళ్లారు. ఇల్లు పెద్దదైతే సామాను సమస్య తీరుతుందనుకోవద్దు, పెద్ద ఇంట్లో అది కనబడకుండా పెరుగుతుంది.

నిజాంపేట_సెక్రటరీ
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో చేసిన పని ఒకటి. 40 ఫ్లాట్లలో 31 నిచ్చెనలున్నాయి, డ్రిల్లింగ్ మెషీన్లు ఇంకో డజను. సెల్లార్‌లో ఒక గది తీసుకుని రెండు నిచ్చెనలు, ఒక డ్రిల్లు, 50 మడత కుర్చీలు, రెండు పెద్ద గుండిగలు, ఒక మడత మంచం పెట్టాం. పుస్తకంలో సంతకం చేసి తీసుకెళ్తారు. పాత రోజుల్లో ఊరి గుడిలో పెళ్లి వంటల గుండిగలు ఉండేవి చూడండి, అలాగే. మొదట్లో ఒకటి రెండు గొడవలయ్యాయి, గుండిగ తోమకుండా తెచ్చారని. ఇప్పుడు సద్దుకుంది.

రాజమండ్రి_సుబ్బలక్ష్మి
ఆవకాయ రోజుల్లో ఆ గుండిగల కోసం క్యూ కడతారా?

నిజాంపేట_సెక్రటరీ
మే నెలకు ఏప్రిల్‌లోనే పేర్లు రాసుకుంటారమ్మా.

వార్ధా_వెళ్లొచ్చా
పోయిన శీతాకాలంలో సేవాగ్రామ్ వెళ్లి బాపు కుటీ చూశాను. గాంధీ గారు 1936లో ఆ ఊరు చేరారు. మట్టి గోడలు, వెదురు, చాపలు. కూర్చునే చోటు, రాసుకునే చిన్న బల్ల. గోడ మీద ఆయన శిష్యురాలు మీరాబెన్ మట్టితోనే తాటిచెట్లు మలిచారు. నాకు అక్కడ గుర్తుండిపోయింది ఆ తాటిచెట్లే. అంత తక్కువలో కూడా గోడ బోసిగా వదల్లేదు. తెనాలి అమ్మాయి గారూ, మీ తెల్ల గోడకు అత్తయ్య చేతి ముగ్గు ఒకటి వేయించండి.

తెనాలి_అమ్మాయి
మీ అందరి మాటలూ పట్టుకుని పోయిన వారం తెనాలిలో నాలుగు రోజులు ఉన్నాం. ఏం చేశామో రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

ఏం తీసేయాలని అడగలేదు. "అత్తయ్యా, కొత్త ఇంట్లో మీ గదికి ఏమేం రావాలి, మొదట మీరే ఏరండి" అన్నాను. ఆవిడ కాసేపు నన్ను చూశారు. తర్వాత లేచి ఒక్కొక్కటీ తీశారు. రాచ్చిప్ప, మామయ్య మరచెంబు, రెండు ఇత్తడి గిన్నెలు, చిన్న రోలు, ఏటికొప్పాక బొమ్మల పెట్టె, నవారు మంచం, తన పెళ్లి పీట. అంతే. ఇంకా ఏరండి అంటే "వంట నువ్వు చేస్తావు, నీకేం కావాలో నువ్వు చూసుకో" అన్నారు. నేనేమో ఆవిడ మొత్తం గది పట్టుకొస్తారని ఇన్నాళ్లూ టెన్షన్ పడ్డాను.

మొండికేసింది మా ఆయనే. ఇంటర్ నోట్సులు, పాత క్రికెట్ బ్యాటు, పనిచేయని టేప్‌రికార్డరు. అత్తయ్య నవ్వి "వీడిని ముందు సర్దమ్మా" అన్నారు. టేప్‌రికార్డరు తెచ్చుకుంటున్నాం, బాగు చేయించి వాడతారట. నోట్సులు వదిలేశారు.

రిటైర్డ్ బ్యాంకు గారూ, మామయ్య పుస్తకాల మధ్య పోస్టాఫీసు పాస్‌బుక్కు ఒకటి దొరికింది. 2009 తర్వాత ఎంట్రీ లేదు. సోమవారం వెళ్తున్నాం. మీకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

రిటైర్డ్_బ్యాంకు
మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ ఎవరైతే వారి ఆధార్, పాస్‌బుక్కు ఒరిజినల్ పట్టుకెళ్లండి. కౌంటర్‌లో రేపు రమ్మంటే విసుక్కోకుండా వెళ్లండి.

బూజుకర్ర
గంగాళం ఏమైంది? అందరూ దాని కోసమే చదువుతున్నాం.

తెనాలి_అమ్మాయి
రాస్తాను. ఇల్లు మారాక.

తెనాలి_అమ్మాయి
నాలుగు నెలలైంది, ఆలస్యంగా రాస్తున్నాను. ఇంట్లో చేరాం.

ఇంటీరియర్‌కి మొత్తం 3 లక్షల 70 వేలు అయింది. వంటింటి అల్మారాలు, రెండు గదుల్లో నేల నుంచి సీలింగ్ దాకా తలుపులున్న వార్డ్‌రోబులు, అంతే. సీలింగ్ లేదు, టీవీ ప్యానెల్ లేదు, లాఫ్టు ఒక్కటే, అదీ వంటింట్లో. మాధవి గారు చెప్పినట్టు పిడులు పెట్టించాం. బియ్యం బస్తాకు కింద చక్రాల బల్ల చేయించాం. 2022లో 25 కిలోల దాకా ప్యాకింగు బియ్యానికి జీఎస్‌టీ పడ్డాక కొట్టువాళ్లు 26 కిలోల బస్తాలే ఇస్తున్నారు, అత్తయ్య జరపలేరు. ఆ చక్రాల బల్ల మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పనిచేస్తోంది.

హాలు ఖాళీగానే ఉంది. గోడ తెలుపే. అయితే నవారు మంచం హాల్లోకే వచ్చింది, పగలు అత్తయ్య దాని మీదే కూర్చుని బాబుకు ఎక్కాలు చెప్తున్నారు. మొదట్లో మా ఆయన దాన్ని గదిలో వేద్దామన్నారు. ఇప్పుడు సోఫా కొనే మాటే ఎత్తడం లేదు. ఆఫీసు నుంచి రాగానే ఆ మంచం మీదే వాలుతున్నారు.

రవి గారి ప్రశ్నకు జవాబు: పొద్దున పక్కలు మడిచేది, నవారు మంచం గోడకు జరిపేది మా ఆయన. రోజూ. ఆరు గంటలకు. ఖాళీ ఇల్లు కావాలన్నది ఆయనే కదా.

గంగాళం అమ్మలేదు. బాల్కనీలో నీళ్లు పోసి కలువ వేశారు అత్తయ్య. ఇంకా పువ్వు రాలేదు, ఆకులు నాలుగొచ్చాయి. మిగిలిన ఇత్తడి గుంటూరులో రెండు కొట్లు తిరిగి తూకానికి ఇచ్చాం. పేర్లు కొట్టించిన ఎనిమిది గ్లాసులు ఆ పేర్లున్న వాళ్ల పిల్లలకే అత్తయ్య ఒక్కొక్కటిగా పంపిస్తున్నారు. ఇప్పటికి ఐదు చేరాయి. ఒకరు ఫోన్ చేసి ఏడ్చారు.

పోస్టాఫీసు డబ్బు వచ్చింది. 41 వేలు. అత్తయ్య పేరున వేశాం.

పెద్ద ఊరగాయ జాడీ ఒకటి మిగిలింది, ఆరు కిలోలు పడుతుంది. మేం కిలోన్నర కన్నా ఎక్కువ పెట్టడం లేదు. వాడుకునేవాళ్లకే ఇస్తానంటున్నారు అత్తయ్య, అటక మీద పెట్టేవాళ్లకు వద్దట.

కరీంనగర్_లత
కలువ పూస్తే చెప్పు అక్కా, మర్చిపోకు.

విజయవాడ_నిర్మల
గ్లాసుల సంగతి చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మీ అత్తయ్య గారికి నా నమస్కారం చెప్పండి.

నిజాంపేట_సెక్రటరీ
జాడీకి మూత ఉందా? మా కామన్ రూముకు కావాలి, ఏటా మే నెలలో పది ఇళ్లు వాడతాయి. ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను.

తెనాలి_అమ్మాయి
మూత ఉంది. అంచు కాస్త చిట్లింది. అత్తయ్య మీతో మాట్లాడాకే ఇస్తారట, ఉప్పు ఎండబెట్టే వేస్తారా లేదా అని అడుగుతున్నారు.